జౌన్‌పూర్ సుల్తాను చరణం

మాకు ఎవరికీ సంబంధం లేని యుద్ధం ఒకటి కావలసి వచ్చింది.

సింగపూర్‌లో ముప్పై నలభై తెలుగు కుటుంబాల వాళ్లం ఏటా ఉగాది వెళ్లాక ఒక శనివారం సాయంత్రం ఏదో ఒక హాలు తీసుకుని కలుస్తుంటాం. పాటలు, పిల్లల డాన్సులు, ఒక నాటిక, ఆ పైన భోజనం. వీటిలో భోజనం ఒక్కటే ఏ తగాదా లేకుండా జరుగుతుంది. అంతకు ముందు సంవత్సరం తెలుగు గడ్డ మీద జరిగిన పాత యుద్ధాన్నే నాటికగా వేశాం. వేసినవాళ్లు బాగానే వేశారు. చూసినవాళ్లే ఊరుకోలేదు. మా వైపు వీరుడి వేషం కావాలనే పొట్టివాడికి ఇచ్చారని ఒకరు, ఓడిన సైన్యంలో అందరూ మా జిల్లా వాళ్లే ఎందుకున్నారని ఇంకొకరు. వాట్సాప్ గ్రూపులోంచి నలుగురు అలిగి వెళ్లిపోయారు. వాళ్లను బతిమాలి వెనక్కి తెచ్చేసరికి దసరా వచ్చింది.

అందుకని ఈసారి దర్శకురాలు ముందే జాగ్రత్తపడింది. ఆమె ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టులు నడుపుతుంది. విజయవాడ అమ్మాయి. నాటికను కూడా ప్రాజెక్టు లాగే నడుపుతుంది: ఎవరు ఎప్పుడు లోపలికి రావాలో, ఏ చప్పుడుకు ఎవరు బయటికి పోవాలో అన్నీ ఒకదానికొకటి ముడిపెట్టి ఉంచుతుంది. ఒక ముడి ఊడితే నాటిక మొత్తం ఆగిపోతుందన్న సంగతి అప్పటికి మా ఎవరికీ తట్టలేదు.

"అక్కా, మీరు పేపర్లో పనిచేశారుగా. మనవాళ్లు ఎవరూ లేని యుద్ధం ఒకటి చూసిపెట్టండి. గెలిచినోళ్లూ మనోళ్లు కాకూడదు, ఓడినోళ్లూ మనోళ్లు కాకూడదు. ట్వంటీ మినిట్స్‌లో అయిపోవాలి" అంది ఫోనులో.

పత్రికలో డెస్కు మీద పనిచేసినవాళ్లకు ఇలాంటి కోరికలు కొత్త కాదు. సాయంత్రానికల్లా ఎక్కడి యుద్ధానికైనా పూర్వాపరాలు రాసి పెట్టడమే కదా మేము చాలా ఏళ్లు చేసిన పని. నాకు ఢిల్లీ, జౌన్‌పూర్ సుల్తానుల కొట్లాట గుర్తొచ్చింది.

పదిహేనో శతాబ్దంలో ఢిల్లీకి తూర్పున జౌన్‌పూర్ అని మరో సుల్తానుల రాజ్యం ఉండేది. ఇద్దరికీ పడేది కాదు. జౌన్‌పూర్ సుల్తాను దండెత్తి వస్తాడు, కొట్లాడతాడు, సంధి చేసుకుని వెళ్లిపోతాడు, ఊపిరి తీసుకుని మళ్లీ వస్తాడు. సైన్యం ఆయనది పెద్దది. గెలుపు మాత్రం ఢిల్లీది. ఆయన రాణి, ఢిల్లీని అంతకు ముందు ఏలిన వంశం ఆడపడుచు. పుట్టింటి గద్దె మీద ఇంకెవరో కూచున్నారన్న మంటతో భర్తను కుదురుగా ఉండనిచ్చేది కాదంటారు. ఆయనకేమో సంగీతం పిచ్చి. ఆ ఊరి పేరుతో ఉన్న రాగం ఆయన కట్టిందేనని పాడేవాళ్లు చెప్పుకుంటారు. ఒకసారి ఇద్దరూ గంగానదిని సరిహద్దుగా ఒప్పుకున్నారు. మాట కుదిరింది కదా అని జౌన్‌పూర్ సుల్తాను బరువైన సామాను వెనక వదిలేసి నింపాదిగా ఇంటిదారి పట్టాడు. ఢిల్లీ సుల్తాను వెనకనుంచి వచ్చి పడి, ఆ సామానంతా ఊడ్చుకుపోయాడు.

"బాగుందక్కా. మనవాళ్లు ఒక్కరూ లేరు" అని దర్శకురాలు సంతోషించి, నాటిక రాయడం కూడా నాకే అప్పగించింది.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. రిహార్సల్సుకు ఒకచోట చేరాలంటే రైల్లో ఒక గంట పోతుందని, రెండు సైన్యాలనూ ఇళ్లను బట్టి పంచింది. పడమటి వైపున్న బుకిట్ బటోక్ వాళ్లంతా ఢిల్లీ. ఈశాన్యాన ఉన్న హౌగాంగ్ వాళ్లంతా జౌన్‌పూర్. అంతే, మాకు సంబంధం లేని యుద్ధం మాదైపోయింది. "హౌగాంగ్ వాళ్ల ఏనుగు చూశారా, పందిలా ఉంది" అని బుకిట్ బటోక్‌లో, "వాళ్లకు కత్తులు ఆన్‌లైన్లో ఆర్డరివ్వడం తప్ప తిప్పడం వచ్చా?" అని హౌగాంగ్‌లో. ఆ ఏనుగును అట్టలతో కట్టింది ఒక రీసెర్చి విద్యార్థి. పాపం, ఆ మాట విని తొండాన్ని మూడుసార్లు మార్చాడు.

హౌగాంగ్ పెద్దలు ఇంకో సంగతి కనిపెట్టారు. ఓడేది మనం. కాబట్టి జౌన్‌పూర్ సుల్తాను వేషానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి వచ్చినాయన తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తాడు. అమలాపురం పక్క మనిషి. ఓటమి సంగతి ఆయనకు పట్టలేదు. నాకు ఫోను చేసి ఒక్కటే అడిగాడు.

"అక్కా, ఆ సుల్తాను పాడతాడటగా?"

"పాడతాడండీ."

"ఎంతసేపు పాడతాడండి?"

"చరిత్రలో అంత వివరం లేదండీ."

"అయితే చరణం కూడా పాడాడనుకుంటే తప్పేం లేదు కదండి?"

ఆ ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది. ఆయన చిన్నప్పుడు శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నాడు. మంచి గొంతు. మా సాయంత్రాల్లో ఏటా పాడతాడు. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చరణం దాకా వెళ్లలేదు. ఒక ఏడు పల్లవి అవుతుండగా మైకు పోయింది. ఇంకో ఏడు ముఖ్య అతిథి వచ్చాడు. ఆయన్ని కూచోబెట్టి, శాలువా కప్పి, మాట్లాడించేసరికి పాట వంతు దాటిపోయింది. మిగతా ఏళ్లలో బిర్యానీ వచ్చింది. ఏ హాలు తీసుకున్నా బిర్యానీ గిన్నెలు వెనక తలుపులోంచే వస్తాయి. మూత కొంచెం కదిలితే చాలు, ముందు వరుసలో ఉన్నవాళ్లకు కూడా వెనక పని పడుతుంది. వాళ్ల ఆవిడ ఒకసారి నాతో, "ఆయనకి చరణం వచ్చని నేను ఎంత చెప్పినా ఎవరూ నమ్మరండీ" అంది నవ్వుతూ.

నాకు ఆయన బాధ అర్థమైంది. పత్రికలో చోటు చాలకపోతే కత్తెర ఎప్పుడూ వార్త తోకకే పడుతుంది. అందుకే విలేకరులు ముఖ్యమైనదంతా మొదటి పేరాలోనే కుక్కేస్తారు. పాట కట్టేవాళ్లకు ఆ తెలివి ఉండదు. అసలు సరుకంతా చరణంలో దాస్తారు.

ఆయన జౌన్‌పురి రాగంలో సొంతంగా ఒక పాట కట్టుకుని వచ్చాడు. సంధి కుదిరాక ఇంటికి పోతూ సుల్తాను గంగతో మాట్లాడుకునే పాట. నాకు ఫోనులో చరణంతో సహా వినిపించాడు. "ఆవలి ఒడ్డున దీపం పెట్టి, ఈవలి ఒడ్డున నన్నే మరిచితి" అన్నచోట గొంతు పైకి వెళ్లి నెమ్మదిగా దిగుతుంది. నిజంగానే బాగుంది. నేను నాటికలో మొత్తం పెట్టేశాను.

బుకిట్ బటోక్‌లో అగ్గి రాజుకుంది.

ఢిల్లీ సుల్తాను వేషం వేసేది వరంగల్ వైపు మనిషి. కంప్యూటర్ల పనే. గంభీరమైన గొంతు, దానికి తగ్గ మీసం. "అక్కా, గాయన గంతసేపు పాడుకుంట పోతుంటే నేనేం జెయ్యాలె? కత్తి పట్కొని తెర ఎనక నిలవడాల్నా? గెల్చినోడు నేనా ఆయనా?" అని నన్ను నిలదీశాడు. దర్శకురాలికి కూడా కోపం వచ్చింది. "యుద్ధంలో చరణం ఏంటక్కా? టైమ్ ఎక్కడిది?"

సంధి మాటలకు ఇద్దరికీ మధ్య చోటు కావాలి కనుక, తంజోంగ్ పగార్‌లో ఒక హాకర్ సెంటర్‌లో మధ్యాహ్న భోజనానికి కలుద్దామన్నారు. వరసగా తిండి కొట్లు, మధ్యలో టేబుళ్లు ఉండే చోటు. ఆ వేళప్పుడు చుట్టుపక్కల ఆఫీసులన్నీ అక్కడే ఉంటాయి. కానీ మాకు టేబుల్ దొరికింది. జౌన్‌పూర్ రాణి వేషం వేసే ఆంటీ ముందే వచ్చి చోప్ చేసి పెట్టింది.

ఈ ఊళ్లో ఖాళీ టేబుల్ మీద ఒక టిష్యూ పొట్లం పెట్టి అన్నం తెచ్చుకోవడానికి వెళ్లొచ్చు. దాన్నే చోప్ చేయడం అంటారు. తిరిగొచ్చేదాకా ఎవరూ ఆ టేబుల్ దగ్గర కూచోరు. వేడి సూపు గిన్నెతో నిలబడి చేతులు కాల్చుకుంటారు గాని, పొట్లం మాత్రం కదపరు. పొట్లం కాకపోతే గొడుగైనా సరే, ఆఫీసు కార్డైనా సరే. ఆంటీ కడప నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. ఈ విద్యలో ఆరితేరింది. గుళ్లో కూడా కూచోబోయేచోట ముందు టిష్యూ పొట్లం పెట్టి ప్రదక్షిణకు పోతుందని అంటారు. ఆ రోజు పొట్లం, మడత గొడుగు రెండూ పెట్టింది.

"ఏమప్పా, ఒక పాట కోసరం ఇంత రచ్చనా?" అంది, ఇద్దరు సుల్తానుల మధ్యా కూచుంటూ. "పాడనీయండి. ఆ మనిషి ఎన్నేండ్లుగా అడుగుతాండాడు."

"ఆంటీ, మీరు జౌన్‌పూరోళ్లు. మీరట్లనే అంటరు" అన్నాడు ఢిల్లీ సుల్తాను.

జౌన్‌పూర్ సుల్తాను నూడుల్స్ ముట్టుకోలేదు. "చరణం ఒక్కటేనండి. రెండో చరణం నేనే వదిలేశానండి" అన్నాడు.

"రెండోది గూడ ఉన్నదా!" అని ఢిల్లీ సుల్తాను ఫోర్కు కింద పెట్టేశాడు.

చివరికి దర్శకురాలు ఫోనులో ఏదో టైపు చేసుకుని తీర్పు చెప్పింది. "ఓకే. పాటకి టైమ్ పెట్టను. స్టేజి మీద మీ సామాను పెట్టె ఉంటుంది. ఢిల్లీ సైనికులు వచ్చి దాని మీద కత్తితో కొడతారు. ఆ చప్పుడు విన్న సెకండులో పాట ఆగాలి. చప్పుడు వినపడేదాకా మాత్రం ఎవ్వరూ మిమ్మల్ని ఆపరు. డీల్?"

"డీల్" అన్నాడు ఢిల్లీ సుల్తాను, మరీ తొందరగా. తర్వాత నా పక్కకు వంగి, "పల్లవి అవ్వంగనే కొట్టిస్త అక్కా" అని మెల్లగా అన్నాడు.

అది అందరికీ వినిపించింది. జౌన్‌పూర్ సుల్తాను ఒక నిట్టూర్పు విడిచి, చల్లారిపోయిన నూడుల్స్ తినడం మొదలుపెట్టాడు. "పోన్లెండి. ఆ సుల్తాను రాత అంతే రాసి ఉంది, మధ్యలో నేనెవణ్ణి" అన్నాడు.

ఢిల్లీ సైనికులు అయిదుగురు. అందరూ ఇక్కడే పుట్టి, ఇక్కడి బళ్లలో చదివే పెద్ద పిల్లలు. తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం వేరే భాషలో వస్తుంది. ఒక రిహార్సల్‌కు నేనూ బుకిట్ బటోక్ వెళ్లాను. ఫ్లాట్ల కింద ఖాళీ చోటులో సుల్తాను వాళ్లకు దోపిడీ నేర్పుతున్నాడు. పెట్టె ఇంకా తయారవలేదు కనుక దాని బదులు ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టాడు.

"అంకుల్, వి జస్ట్ టేక్ ఆ? డోంట్ నీడ్ టు ఆస్క్?" అంది సేనాపతి వేషం వేసే అమ్మాయి.

"అడుగుడేంది బిడ్డా? గుంజుకోవాలె. గిది యుద్ధం."

"బట్ దే సైన్ ఆల్రెడీ, వాట్. ది అగ్రిమెంట్."

"సంధి జేసుకున్నరు, నిజమే. మనం దాన్ని కాదంటున్నం. గదే గద కథ!"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఢిల్లీ పద్ధతి వాళ్లకు అంతగా నచ్చినట్టు లేదు. అయినా చెప్పినట్టు స్టూలును బాగానే కొట్టారు. సుల్తాను మీసం దువ్వుకున్నాడు.

నాటిక రోజు వచ్చింది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకు బంగారు రంగు కాగితం అంటించి, లోపల ఒక రేకు డబ్బా పెట్టి, జౌన్‌పూర్ ఖజానా తయారు చేశారు. కొడితే ఖణేల్‌మని మోగాలి. తెర తీయకముందే దాన్ని స్టేజి మీద పెట్టారు. కానీ స్టేజి వెనక గదులు ఇరుకు, అందరూ స్టేజి మీదికే చేరారు. కోలాటం అమ్మాయిలు జడలు వేసుకోవడానికి దాని మీద కూచోబోయారు. మైకులాయన స్పీకరు పెట్టబోయాడు. ఎవరో దాని మీద పూలబుట్ట పెట్టి పోయారు. అప్పటికే జరీ చీర, కిరీటం సర్దుకున్న రాణి ఆంటీకి ఓపిక నశించింది.

"ఇది మా సామాను. ఎవురూ ముట్టుకోగాకండి!" అని పూలబుట్ట తీసి పక్కన పెట్టి, తన సంచిలోంచి టిష్యూ పొట్లం తీసి ఖజానా మీద నడిమధ్యన పెట్టింది. దాని పక్కన మడత గొడుగు.

ఆ తర్వాత ఎవరూ ఆ పెట్టె దరిదాపులకు రాలేదు. నేను తెర పక్క కుర్చీలో కూచుని చూస్తూనే ఉన్నాను. అందులో వింత ఏమీ కనిపించలేదు.

నాటిక మొదలైంది. ఏనుగు వచ్చింది. తొండానికి చప్పట్లు పడ్డాయి. సుల్తానులిద్దరూ కత్తులు దూసి, దింపి, గంగ సాక్షిగా సంధి చేసుకున్నారు. గంగ అంటే ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకున్న నీలం చీర. ఢిల్లీ సుల్తాను తెర వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. జౌన్‌పూర్ రాణి గంగ దాటి అవతలికి పోయింది. సుల్తాను సామాను వదిలేసి, వెనక్కి ఒకసారి చూసి, కళ్లు మూసుకుని పల్లవి ఎత్తుకున్నాడు.

పల్లవి అయీ అవకముందే ఢిల్లీ సుల్తాను చెయ్యి ఊపాడు. అయిదుగురు సైనికులూ కత్తులెత్తి, అరుచుకుంటూ స్టేజి మీదికి దూసుకెళ్లారు. పెట్టె దగ్గరికి వెళ్లి ఆగిపోయారు.

"వెయిట్, వెయిట్" అంది సేనాపతి. "గాట్ టిష్యూ."

"అంబ్రెల్లా ఆల్సో" అన్నాడు రెండో సైనికుడు.

"సంబడీ చోప్ ఆల్రెడీ లా."

పైకెత్తిన కత్తులు పైనే ఉన్నాయి. నా పక్కనుంచి ఢిల్లీ సుల్తాను గొంతు నొక్కిపట్టి అరిచాడు. "కొట్టుండ్రి! పొట్లం దీసి పడెయ్యిండ్రి!"

సేనాపతి మావైపు తిరిగి, బాధగా, "కెనాట్ లా, అంకుల్. నాట్ అవర్స్" అంది. ఆ తర్వాత తన బాధ్యత గుర్తొచ్చినట్టు స్టేజి అంచుకు వెళ్లి హాలంతటినీ ఉద్దేశించి అడిగింది. "ఎక్స్‌క్యూజ్ మీ, హూజ్ టిష్యూ ఆ?"

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుని బిర్యానీ వచ్చింది.

జౌన్‌పూర్ సుల్తాను పల్లవి రెండోసారి ముగించి, రేకు చప్పుడు కోసం ఆగాడు. చప్పుడు రాలేదు. ఒక కన్ను తెరిచి చూశాడు. ఢిల్లీ సైన్యం ఆయన సామాను చుట్టూ నిలబడి చర్చించుకుంటోంది. ఆయన బ్యాంకు మనిషి. ఒప్పుకున్న మాట తప్పడు. చప్పుడు వినపడేదాకా ఎవరూ ఆపరన్నది ఒప్పందం. ఆ కన్ను మళ్లీ మూసుకుని చరణంలోకి వెళ్లాడు.

దర్శకురాలు ఇటువైపు తెర వెనకనుంచి గంగకు అవతల ఉన్న రాణికి చేతులతో సైగలు చేసింది: మీ పొట్లం మీరే తీసుకోండి! రాణి చెవికి చెయ్యి పెట్టి, అర్థం కాలేదన్నట్టు చూసింది. "సంధి అయినాక గంగ దాటి మళ్లా నేనెట్ల వస్తానమ్మా?" అని తర్వాత అందరినీ అడిగింది. పొట్లం నిజంగానే మరిచిపోయి వదిలేశానంది. హౌగాంగ్ వాళ్లు నమ్మారు.

ఢిల్లీ సుల్తాను ఇక ఆగలేకపోయాడు. తన కత్తి తానే దూసి స్టేజి మీదికి వెళ్లాడు. ఒక చేత్తో కత్తి ఎత్తి, రెండో చెయ్యి పొట్లం మీదికి చాచాడు. హాల్లో ఎవరో "ఏయ్!" అన్నారు. ఇంకెవరో "పాపం" అన్నారు. ఆ చెయ్యి పొట్లానికి జానెడు ఎత్తున ఆగిపోయింది. ఆయన కూడా ఈ ఊళ్లో ఏళ్ల తరబడి మధ్యాహ్నాలు పళ్లెం పట్టుకుని టేబుల్ వెతుక్కున్నవాడే. కిందికి దించుదామని చూశాడు. దిగలేదు. వెనక్కి తీసుకుందామంటే పరువు. అలాగే నిలబడ్డాడు. మీసం ఒక్కటే కదిలింది.

మసాలా వాసన ముందు వరుస దాకా వచ్చింది. ఒక్కరూ లేవలేదు. గంగ పట్టుకున్న పిల్లలు చేతులు నొప్పి పుట్టి నదిని కొంచెం కిందికి దించారు. "ఆవలి ఒడ్డున దీపం పెట్టి" అంటూ గొంతు పైకి వెళ్లింది. "ఈవలి ఒడ్డున నన్నే మరిచితి" దగ్గర నెమ్మదిగా దిగింది. ఇన్నేళ్లుగా ఒక్క సాయంత్రమూ చేరుకోలేకపోయిన చరణాన్ని రెండుసార్లు పాడి, పల్లవి మళ్లీ అందుకుని, ఎవరూ ఆపకుండా తనంతట తానే ముగించాడు.

చప్పట్లు పడ్డాయి. ఆయన కళ్లు తెరిచాడు. వెల్వెట్ అంగీ, తలపాగా, దీపాల వేడి, మొహమంతా చెమట. అటూ ఇటూ చూశాడు. తన ఖజానా దగ్గరికి నడిచి వెళ్లి, ఢిల్లీ సుల్తాను చేతి కిందనుంచి టిష్యూ పొట్లం తీసుకుని, చింపి, ఒక టిష్యూ బయటికి లాగి మొహం తుడుచుకున్నాడు. తర్వాత గొడుగు కూడా చంకలో పెట్టుకున్నాడు.

"ఓకే, నౌ కెన్!" అంది సేనాపతి.

అయిదు కత్తులూ ఒక్కసారే పడ్డాయి. రేకు డబ్బా ఖణేల్‌మంది. అట్టపెట్టె రెండు ముక్కలైంది. బంగారు కాగితం స్టేజి అంతా ఎగిరింది. చరిత్ర కొంచెం ఆలస్యంగానైనా జరగవలసినట్టే జరిగింది. నాటిక ఎంతసేపు పట్టిందో దర్శకురాలు ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

భోజనాల దగ్గర వరుసలో నా వెనక జౌన్‌పూర్ సుల్తాను నిలబడ్డాడు. తలపాగా ఇంకా తీయలేదు.

"అక్కా, చూశారా? బిర్యానీ వచ్చినా జనం లేవలేదండి."

"చూశానండీ."

నేను తెర పక్కన కూచున్నదాన్ని. అక్కడినుంచి ముందు వరుసలో కళ్లన్నీ కనబడతాయి. చాలా కళ్లు ఆ పొట్లం మీదే ఉన్నాయి, తీస్తాడా తీయడా అని. డెస్కులో అయితే జనం ఎందుకు లేవలేదో రెండు కారణాలూ రాసేదాన్ని. పళ్లెం పట్టుకుని అంత సంతోషంగా నిలబడ్డ మనిషి ముందు ఒక్క కారణం చాలనిపించింది.

నా ముందు ఢిల్లీ సుల్తాను ఉన్నాడు. ఇంకా కోపంగానే ఉన్నాడేమో, మా వైపు తిరగలేదు. వరుస మెల్లగా కదులుతోంది. కొంతసేపటికి ఆయన దగ్గరనుంచి సన్నగా ఏదో వినిపించింది. చెయ్యి గాల్లో పెట్టుకుని, అందరికంటే దగ్గరగా, కదలకుండా నిలబడి విన్నవాడు ఆయనే కదా. గిన్నెలో గరిటె పెట్టి ముక్కలు వెతుక్కుంటూ, తనకు తెలియకుండానే చరణం కూనిరాగం తీస్తున్నాడు. "దీపం పెట్టి" దగ్గర పైకి వెళ్లవలసినవాడు కిందికి దిగిపోయాడు.

"అక్కడ కాదండి" అన్నాడు జౌన్‌పూర్ సుల్తాను నా భుజం మీదుగా. "పైకండి, పైకి."

ఢిల్లీ సుల్తాను గరిటె ఆపి, వెనక్కి తిరగకుండానే మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. ఈసారి పైకే వెళ్లాడు.